చెల్లని కాసు విలువ

పనికిరాని మనిషిని ‘చెల్లని కాసు’ అనడం తెలుగువారికి అలవాటు. చేతిలో డబ్బు లేదని చెప్పడానికి ‘చిల్లిగవ్వ లేదు’ అంటాం. రాయలసీమలో నేటికీ డబ్బును ‘దుడ్డు’ అని పిలిచేవారున్నారు. గవ్వ, కాసు, దుడ్డు, దమ్మిడి, కాణీ, బేడ, వరహా - ఇవన్నీ ఒకప్పుడు మన పెద్దల చేతుల మీదుగా నడిచిన ద్రవ్యం. బజారులో వాటి చలామణి ఎన్నడో ఆగిపోయింది. భాషలో మాత్రం అవి ఇంకా చెల్లుబాటవుతూనే ఉన్నాయి. ఇందులో ఒక విచిత్రముంది. చెల్లే నాణేనికి దానిమీద అచ్చువేసిన వెల మాత్రమే దక్కుతుంది. చెల్లని కాసుకు ఒక్కొక్కప్పుడు వేలు, లక్షలు కూడా పలుకుతాయి. ఈ విచిత్రమే ఎందరినో నాణేల సేకరణవైపు ఆకర్షిస్తున్నది. వారిలో కొందరు విద్యకోసం వస్తారు. ఎక్కువమంది లాభం కోసం వస్తారు. ఈ వ్యాపకంలో లాభమెంత, నష్టమెంత అన్న ప్రశ్నకు నిదానంగా, లెక్క చూసి సమాధానం చెప్పుకోవలసిన అవసరం ఉన్నది.

ఈ ప్రశ్నను విచారించడానికి మదనపల్లెకు, రాయచోటికి నడుమనున్న గుర్రంకొండ తగిన చోటు. నిటారుగా లేచిన ఆ కొండమీద, దాని పాదాన గల కోటలు మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తానుల అధీనంలో ఉండేవి. టిప్పు సుల్తాను తన రాజ్యంలోని అనేక పట్టణాలకు కొత్త పేర్లు పెట్టాడు. గుత్తి ‘ఫైజ్ హిసార్’ అయింది. గుర్రంకొండ ‘జఫరాబాద్’ అయింది; విజయపురం అని ఆ పేరుకు అర్థం. ఆ జఫరాబాదులో టిప్పు ఒక టంకశాలను కూడా నెలకొల్పాడు. అక్కడ ముద్రించిన రాగి పైసలపై ఒకవైపు ఏనుగు బొమ్మ, రెండవవైపు పారశీక లిపిలో టంకశాల పేరు కనిపిస్తాయి. మూడవ మైసూరు యుద్ధకాలంలో, 1791లో, నిజాము సైన్యాలు ఆంగ్లేయుల సహాయంతో ఈ కోటను ముట్టడించాయి. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధితో గుర్రంకొండ నిజాముకు, తరువాత 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి దక్కింది. టిప్పు గద్దెనెక్కినది 1782 చివరలో. కనుక జఫరాబాదు పేరుగల నాణేలన్నీ పది సంవత్సరాలలోపు ముద్రితమైనవే.

రెండు రాగి పైసలను పక్కపక్కన ఉంచి చూద్దాం. రెండింటిమీదా ఏనుగే ఉన్నది. బరువు ఇంచుమించు ఒకటే. ఒకటి టిప్పు రాజధానియైన శ్రీరంగపట్టణంలో ముద్రించినది, మరొకటి జఫరాబాదుది. లిపి తెలియని వానికి రెండూ పాత రాగి ముక్కలే. తెలిసినవానికి రెండవది ఒక సరిహద్దు దుర్గం, ఒక దశాబ్దపు చరిత్ర. నాణెంమీద కాలాన్ని తెలిపే అంకెలున్నా వాటిని చదవడం అంత సులభం కాదు. టిప్పు తన పాలన మధ్యకాలంలో ‘మౌలూదీ’ శకమనే కొత్త గణనను ప్రవేశపెట్టి, ఆ సంవత్సరపు అంకెలను కుడినుండి ఎడమకు వేయించాడు. 1215 అన్న సంవత్సరం మామూలుగా చదివేవారి కంటికి 5121 అయి కనిపిస్తుంది. ఇంతకూ చెప్పవచ్చినదేమంటే, నాణెంలోని లోహం అందరికీ ఒకటే. దానిలోని విలువ మాత్రం చదవగలిగిన వానికే కనిపిస్తుంది. నాణేల సేకరణలో లాభనష్టాల రహస్యమంతా ఈ ఒక్క మాటలోనే ఉన్నది.

పాత నాణెం ధరను ముఖ్యంగా నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి: లోహం, అరుదుతనం, అరగని స్థితి, కోరేవారి సంఖ్య. వీటిలో లోహాన్ని లెక్కగట్టడం తేలిక. బ్రిటిషు పాలనలో 1940కి ముందు ముద్రించిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు, అనగా సుమారు 10.7 గ్రాములు, స్వచ్ఛమైన వెండి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో 1940 నుండి ఆ పాలు సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయిలో వెండి లేనే లేదు. అది నికెల్ నాణెం. ఈ మూడింటినీ ‘రాజుల కాలంనాటి వెండి రూపాయలు’ అంటూ ఒకే ధరకు కొన్నవాడు ఇంటికి చేరకముందే నష్టపోయినట్లు లెక్క.

అరుదుతనం సంగతి మరింత ఆసక్తికరం. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి బొమ్మతో కొత్త రూపాయి వెలువడింది. ఆయన అంగీమీది పతకంలోని ఏనుగు తొండం పొట్టిగా ఉండి, పందిని పోలి ఉందని ప్రజలు ఆక్షేపించారు. ముద్రించిన 94 లక్షల నాణేలలో 7 లక్షలు మాత్రమే జనంలోకి వెళ్ళాయి, మిగిలినవాటిని కరిగించారు. మరుసటి సంవత్సరం బొమ్మను సరిదిద్దారు. ఆ కారణంచేత 1911 నాటి రూపాయికి, 1912 నాటి రూపాయికి వెండిలో భేదం లేకున్నా వెలలో భేదం వచ్చింది. 1939 సంవత్సరపు వెండి రూపాయి ఇంతకంటె అరుదైనది. అందువల్లనే దానికి నకిలీలు ఎక్కువ. వేరొక సంవత్సరపు నాణెంమీద అంకెను చెక్కి మార్చి 1939గా అమ్మజూపేవారికి కొదవ లేదు.

అరుదైనంత మాత్రాన ధర పలుకుతుందనుకోవడం కూడా పొరపాటే. కోరేవారుంటేనే అరుదుతనానికి వెల. పుంగనూరు పొట్టి జాతి ఆవు అంతరించిపోయే దశకు చేరినప్పుడు అది చాలా అరుదైనదే; దానిని పెంచాలన్న కోరిక నలుగురిలో కలిగిన తరువాతనే దానికి గిరాకీ వచ్చింది. నాణేల విషయమూ ఇంతే. ప్రపంచంలో పది మాత్రమే మిగిలిన నాణెమైనా, దానిని కోరే పదకొండవ మనిషి లేకపోతే దాని ధర పెరగదు.

ఇక లాభనష్టాల లెక్కకు వద్దాం. మదనపల్లె టమాటా మార్కెట్టు ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరుపొందింది. అక్కడ ప్రతిరోజూ బహిరంగంగా వేలంపాట జరుగుతుంది. ఆనాటి ధర రైతుకు తెలుస్తుంది, వ్యాపారికి తెలుస్తుంది, మరునాడు పత్రిక చూసినవారికీ తెలుస్తుంది. ధర పడిపోయి రైతు నష్టపోవచ్చు గాని, ఆనాటి ధర ఏదో తెలియక మాత్రం నష్టపోడు. పాత నాణేనికి అటువంటి యార్డు లేదు. అమ్మే ధర ఒకటి, అమ్మినవాడే తిరిగి కొనే ధర మరొకటి. ఈ రెండింటి మధ్యనున్న అంతరమే వ్యాపారి జీవనాధారం. అందులో అన్యాయమేమీ లేదు. అతడు దుకాణం నడపాలి, సరుకు అమ్ముడయ్యేదాకా ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. ఆ అంతరాన్ని మరచిపోవడమే కొనేవాడు చేసే తప్పు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక విద్యార్థి 1,000 రూపాయలకు ఒక నాణెం కొన్నాడనుకొందాం. పదేళ్ళలో దుకాణంలో దాని ధర రెట్టింపై 2,000 రూపాయలయింది. అతడు సంతోషంతో అమ్మబోతే, వ్యాపారి ఆ ధరలో నూటికి అరవై వంతున 1,200 రూపాయలు ఇస్తాడనుకొందాం. పదేళ్ళకు మిగిలినది 200 రూపాయలు. సాలీనా 2 శాతం కూడా లేదు. అదే వెయ్యి రూపాయలను 6 శాతం చక్రవడ్డీకి బ్యాంకులో ఉంచితే పదేళ్ళకు సుమారు 1,790 రూపాయలవుతాయి. ధర రెట్టింపయిన నాణెం సంగతే ఇలా ఉంటే, పెరగని నాణెం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

‘అదంతా చిన్న నాణేల సంగతి, గొప్ప నాణేలు కోట్లు పలుకుతున్నాయి గదా!’ అని కొందరు అంటారు. ఆ మాటనూ పరీక్షిద్దాం. అమెరికాలో 1933లో ముద్రించిన ఇరవై డాలర్ల బంగారు నాణెం ఒకటి 2002లో వేలంలో సుమారు 75 లక్షల 90 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే నాణెం 2021లో న్యూయార్కు వేలంలో సుమారు 1 కోటి 88 లక్షల 70 వేల డాలర్లు పలికింది. పత్రికలన్నీ ఆ వార్తను గొప్పగా ప్రకటించాయి. కాని గడిచిన కాలం పందొమ్మిదేళ్ళు. వేలంసంస్థ రుసుమును లెక్కించకపోయినా, సాలీనా పెరుగుదల 5 శాతానికి లోపే. అదే కాలంలో మామూలు బంగారం ధర అంతర్జాతీయ విపణిలో ఐదు రెట్లకు మించి పెరిగింది. ఈ నాణెం రెండున్నర రెట్లు పెరిగింది. లోకమంతా అబ్బురపడిన నాణెంకంటె, పేరూ ఊరూ లేని బంగారు కడ్డీ ఎక్కువ లాభం ఇచ్చిందన్నమాట. దూరపు కొండలు నునుపు అనే సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

అలాగని నాణేలలో లాభం పొందినవారే లేరని చెప్పడం సత్యదూరం. ఉన్నారు. అయితే వారి లాభం ఎక్కడినుండి వచ్చిందో గమనించాలి. ఏనుగు పైసల గుట్టలో జఫరాబాదు పేరును చదవగలిగినవాడు, 1939 అంకె అసలుదో చెక్కుడుదో చెప్పగలిగినవాడు, గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి పట్టికలు తిరగవేసినవాడు లాభపడ్డాడు. అది అదృష్టం కాదు. చదువుకు దక్కిన కూలి. ఆ చదువుకు వెచ్చించిన కాలాన్ని గంటల లెక్కన కట్టి చూస్తే, మరే ఉద్యోగంలోనైనా అంతకు తక్కువ రాబడి ఉండదేమో. అందుచేత లాభం కోసమే ఈ దారి పట్టదలచినవారు వేరొక దారి చూసుకోవడం మేలు.

కొన్ని నష్టాలను మనం చేతులారా తెచ్చుకొంటాం. నల్లబడిన రాగి నాణెం దొరకగానే చింతపండుతో తోమి తళతళలాడించడం మన ఇళ్ళలో సహజం. రాగిచెంబుకు అది మంచిదే గాని, నాణేనికి చేటు. శతాబ్దాలుగా లోహంమీద ఏర్పడిన పొర పోతుంది, సన్నని గీతలు పడతాయి, అక్షరాలు అరిగిపోతాయి. తోమిన నాణెం తెలిసినవారి కంటికి వెంటనే పట్టుబడుతుంది. దాని ధర పడిపోతుంది. నాసిరకం ప్లాస్టిక్ సంచులలో ఉంచితే కొంతకాలానికి రాగిమీద ఆకుపచ్చని జిగురు పేరుకొంటుంది. నాణేన్ని అంచులతో పట్టుకోవడం, పొడిగా ఉంచడం, కాగితపు కవర్లలో వేరువేరుగా భద్రపరచడం - ఇవి ఖర్చులేని జాగ్రత్తలు.

వీటన్నింటికంటె ఘోరమైన నష్టం మోసంవల్ల కలిగేది. ‘మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మగల ఐదు రూపాయల నాణెం ఉన్నదా? లక్షలు మీవే!’ అన్న ప్రకటనలు చరవాణులలో తరచుగా కనిపిస్తున్నాయి. ఆ నాణెం 2012లో విడుదలైన స్మారక నాణెం. పెద్ద సంఖ్యలో చలామణిలోకి వచ్చినది. ఇటువంటి ప్రకటన ఇచ్చినవారు మొదట మన నాణేన్ని పొగడుతారు. తరువాత నమోదు రుసుమనీ, పన్ననీ, కమీషననీ కొంత సొమ్ము ముందుగా పంపమంటారు. పంపినకొద్దీ కొత్త రుసుములు పుడుతూనే ఉంటాయి. చెప్పిన లక్షలు మాత్రం రావు. కొందరు భారతీయ రిజర్వు బ్యాంకు పేరును, చిహ్నాన్ని సైతం వాడుకొన్నారు. అందువల్ల 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన చేసింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, వాటికోసం రుసుము గాని కమీషను గాని అడగననీ, తన పేరున వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: వస్తువును కొనేవాడు డబ్బు ఇస్తాడు, అమ్మేవానినుండి డబ్బు అడగడు.

ఇంతవరకు చెప్పినవి వ్యక్తులకు కలిగే నష్టాలు. ఊరికి, దేశానికి కలిగే నష్టం మరొకటి ఉన్నది. కోటలున్న చోట, పాత దిబ్బలున్న చోట వానలకు మట్టి కొట్టుకుపోయి నాణేలు బయటపడుతుంటాయి. కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డునున్న కోటిలింగాలలో అలా దొరికిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు పరిశీలించారు. వాటిలో శాతవాహన వంశ మూలపురుషుడైన సిముకుని పేరుగలవి ఉండటంతో, ఆ వంశపు తొలి చరిత్రకు తెలంగాణ నేలమీద బలమైన ఆధారం లభించింది. 1906లో నాసిక్ సమీపంలోని జోగల్‌తంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. క్షహరాట రాజైన నహపానుని నాణేలవి. వాటిలో 9 వేలకు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి వేయించాడు. ఓడిన రాజు ముఖంమీద గెలిచిన రాజు ముద్ర! ఆ నిధి ఒక్కచోట, చెదరకుండా దొరికింది గనుకనే ఆ విజయం ఎంతటిదో నేడు మనం గ్రహించగలుగుతున్నాం. అవే నాణేలు రాత్రికి రాత్రి వేరువేరు సంచులలో వేరువేరు ఊళ్ళకు వెళ్ళి ఉంటే, వెండి మిగిలేది. చరిత్ర మిగిలేది కాదు.

ఈ విషయంలో చట్టం ఉన్నది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగిన, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికినవారు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. తెలియజేయకపోతే తమ వాటాను కోల్పోవడమే గాక, ఏడాది వరకు జైలుశిక్షకు గాని, జరిమానాకు గాని, రెండింటికి గాని గురికావచ్చు. సొంతదారు లేని నిధి అని తేలితే, దొరికిన వ్యక్తికి ముప్పావు వంతు, స్థలం యజమానికి పావు వంతు చెందుతాయి. నిధిని ప్రభుత్వమే తీసుకోదలిస్తే లోహపు విలువను, దానికి అదనంగా అందులో ఐదవ వంతును చెల్లిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగా పరిగణించి, వ్యక్తులు దానిని విదేశాలకు తరలించడాన్ని నిషేధిస్తున్నది.

చట్టం ఉద్దేశం మంచిదే. అయితే లోహపు విలువకు ఐదవ వంతు కలిపి ఇవ్వడమనే పద్ధతి నేటికి సరిపోదని నా అభిప్రాయం. గుర్రంకొండ పొలంలో ఒక కూలీకి గుప్పెడు రాగి పైసలు దొరికాయనుకొందాం. వాటి రాగి విలువ కూలీ ఒకరోజు సంపాదనకు కూడా చాలదు. నిజాయితీగా కలెక్టరు కార్యాలయానికి వెళ్ళిరావడానికి బస్సుచార్జీలు, ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి. దారిలో పాత సామాన్లవాడు అంతకు రెట్టింపు చేతిలో పెడతాడు. ఇటువంటప్పుడు అతనిని నిందించి ప్రయోజనమేమి? ఇంగ్లండులో 1996 నాటి నిధుల చట్టం ప్రకారం వస్తుప్రదర్శనశాల తీసుకొన్న నిధికి విపణిలోని పూర్తి విలువను నిపుణులు నిర్ణయించి బహుమానంగా ఇప్పిస్తున్నారు. అక్కడ నిధులను దాచడంకంటె చూపడమే లాభమయింది. మన చట్టమూ ఆ దిశగా మారాలి. నిజాయితీపరునికి నష్టం, దాచినవానికి లాభం కలిగించే నిబంధన ఎంతకాలమున్నా చరిత్రను కాపాడలేదు.

మరి విద్యార్థులు ఈ వ్యాపకాన్ని చేపట్టవచ్చునా? తప్పక చేపట్టవచ్చు. అయితే దానికి పెద్ద సొమ్ము అవసరం లేదు. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేల పద్ధతి అమలులోకి వచ్చింది. అంతవరకు రూపాయికి 16 అణాలు, 64 పైసలు. ఆ తరువాత 100 నయా పైసలు. 1964లో ‘నయా’ అన్న మాట తొలగిపోయింది. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లకుండా పోయాయి. అవ్వ తాతల పెట్టెలలో ఈ నాణేలు నేటికీ ఉంటాయి. ఆరు పలకల మూడు పైసల అల్యూమినియం బిళ్ళ, చదరపు ఐదు పైసల బిళ్ళ చూపి వారిని మాట్లాడించండి. ఆనాడు దానికి ఏమేమి వచ్చేవో వారు చెబుతారు. జేబులోని రూపాయి బిళ్ళమీద సంవత్సరం కింద చిన్న నక్షత్రపు గుర్తు ఉంటే, అది హైదరాబాదు టంకశాలలో ముద్రితమైనదని గుర్తించవచ్చు. ప్రతి నాణేనికి ఒక పుటను కేటాయించి, అది ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, బరువెంత, దానిమీద ఏమున్నది అన్న వివరాలు రాసుకోవాలి. అటువంటి పుస్తకం వెంట ఉన్న నాణేల పెట్టె ఒక చిన్న చరిత్రగ్రంథమవుతుంది. పుస్తకం లేని పెట్టె పాత లోహపు మూట మాత్రమే.

కొనదలచినవారు మరొక నియమం పాటించాలి. నాణేనికి వెచ్చించిన సొమ్మును పుస్తకానికో, ప్రయాణానికో వెచ్చించిన సొమ్ముగా భావించి, ఆ క్షణమే ఖర్చు పద్దులో రాసివేయాలి. కళాశాల రుసుముకోసం ఉంచిన డబ్బుతో గాని, అప్పుతో గాని నాణెం కొనరాదు. ఎవరో తొందరపెట్టినప్పుడు అసలే కొనరాదు. రెండు వందల సంవత్సరాలు నిలిచిన నాణెం మరో రెండు వారాలు నిలవకుండా పోదు. ఈ నియమానికి కట్టుబడినవాడు తరువాత ధర పెరిగితే సంతోషిస్తాడు; తగ్గితే కుంగిపోడు.

వెల వేరు, విలువ వేరు. వెలను బజారు నిర్ణయిస్తుంది. అది ఈరోజు పెరిగి రేపు తగ్గుతుంది. విలువను మాత్రం మన చదువు నిర్ణయిస్తుంది; అది ఒకసారి తెలిసిన తరువాత తగ్గదు. జఫరాబాదు అన్న అక్షరాలను రాగి పైసమీద తానై చదవగలిగిన విద్యార్థికి, ఆ పైసను ఎవరు ఎంతకు కొంటారన్న ప్రశ్న అంత ముఖ్యంగా తోచదు. తన ఊరి కొండ ఒకనాడు ఒక రాజ్యపు ద్రవ్యాన్ని ముద్రించిందని అతడు తెలుసుకొన్నాడు. ఆ జ్ఞానానికి నకిలీ లేదు, తరుగు లేదు. అమ్మకానికి పెట్టవలసిన అవసరమూ లేదు.